కొట్టేసిన పేజీల్లో సముద్రం

ప్రతి నెలా చివరి శనివారం సాయంత్రం ప్రచురణాలయం వెనక హాల్లో కుర్చీలు వేసేవారు. ఒక పక్క టీ, మరో పక్క అమ్ముడుపోని పుస్తకాల దొంతరలు. ఎదురుగా గోడకు ఆనించి చేతుల కుర్చీ ఒకటి. ఆ నెల పుస్తకం రాసినవారు అందులో కూర్చోవాలి. పాఠకులు ఒక్కొక్కరే లేచి తమకు తోచింది చెప్పాలి. రచయిత మాత్రం అందరూ ముగించేదాకా పెదవి విప్పకూడదు. రచయిత పక్కన నిలబడి సంజాయిషీ చెప్పవలసి వచ్చే పుస్తకం సగం కాలిన ఇటుక వంటిదని సంపాదకుడి నమ్మకం. ఆ నియమం పెట్టింది ఆయనే. ఏనాడూ, ఎవరికోసమూ దాన్ని సడలించలేదు.

ఆఫీసులో చాటుగా ఆయన్ని కత్తెర మాస్టారనేవారు. ఆ సంగతి ఆయనకు తెలుసు. కాదనడానికి తగిన కారణం కనబడక ఊరుకున్నాడు.

ఆ శనివారం చేతుల కుర్చీలో ఆయనే కూర్చోవలసి వచ్చింది. పుస్తకం ఆయన చెల్లెలిది. వయసంతా సర్ఫింగ్ బోర్డు చంకన పెట్టుకుని తీరం తర్వాత తీరం తిరిగిన మనిషి, మోకాలు దెబ్బతిని ఇంటికి చేరాక, కుదురుగా కూర్చుని ఆ ప్రయాణాలన్నీ రాసింది. అచ్చయి వచ్చిన నాటి నుంచీ అన్నాచెల్లెళ్ల మధ్య మాటల్లేవు. ఆ సాయంత్రానికి పిలిస్తే ఆమె రాలేదు. ఖాళీ కుర్చీతో పాఠకులేం మాట్లాడతారని ఆమె బదులు ఆయన కూర్చున్నాడు.

ముందుగా బ్యాంకు గుమాస్తా లేచాడు.

"బాగుందండీ, బాగాలేదని నేననను. కానీ మాది కింది వాటా. మూడో అధ్యాయం చదివేసరికల్లా పుస్తకంలోని నీళ్లు మంచం కోళ్లు దాటాయి. పరుపు చుట్టి బల్ల మీద పడేసి, నేనూ బల్లెక్కి చదివాను. ఆ పగడపు దిబ్బల దగ్గరి అల ఉంది చూశారూ, దాని ఉప్పు ఇప్పటికీ చెవుల్లోంచి రాలుతోంది."

"వీళ్లు చదువుతారు, మా మెట్ల మీద నాచు పడుతుంది," అన్నాడు వెనక కూర్చున్న ఇంటి యజమాని. "కడిగేదెవరు?"

"మీ మెట్లకి నాచు కొత్తా అండీ? పాపం, పుస్తకం మీదికెందుకు తోస్తారు?" అన్నాడు బ్యాంకు గుమాస్తా.

హాలంతా నవ్వింది. యజమాని కూడా కాస్త నవ్వి, టీ మీదికి దృష్టి మళ్లించాడు.

తర్వాత కుట్టుపని చేసే ఆవిడ లేచింది. "మా అత్తగారికి చూపు ఆనదు. నేను పైకి చదివి వినిపిస్తాను. నీళ్లు ఆవిడ మంచం మీదికీ వచ్చాయి. భయపడలేదు, కొంగు బిగించి కూర్చుంది. కానీ ఓ మాటంది. 'ఏమే, ఈ సముద్రానికి ఊపిరి తీసుకునే అలవాటు లేదా? అల మీద అల, అల మీద అల. ముసలిదాన్ని, ఎక్కడ కూలబడను?' అంది. ఇంక పుస్తకం మూసేశానండీ. క్షమించండి."

సంపాదకుడు గొంతు సవరించుకున్నాడు. తన నియమం గుర్తొచ్చి, రాబోయిన మాటను మింగేశాడు.

ఆ ముసలావిడ అడిగింది ఎక్కడ ఉండేదో ఆయనకు తెలుసు. చెల్లెలి రాతప్రతిలో అలలు సగమైతే, అలలు లేని చోటు సగం. అల ఎక్కి దిగడం రెప్పపాటు వ్యవహారం. తక్కిన పొద్దంతా ఒడ్డుకు దూరంగా, నీళ్లలోకి కాళ్లు వేలాడేసి, బోర్డు మీద ఊరికే కూర్చోవడమే. ఆమె దాన్ని ఉన్నదున్నట్టు రాసింది. నీటి రంగు మారడం, ఆకలి వేసి తగ్గిపోవడం, దారిన పోయే పిట్ట, ఏ ఆలోచనా లేకపోవడం. పేజీల తరబడి అదే. ఆయన వాటన్నిటినీ ఎర్ర సిరాతో కొట్టేసి, "ఏమీ జరగని చోట పాఠకుడు నిలవడు" అని అంచున రాశాడు. పుస్తకం పగ్గాలు తెగిన గుర్రంలా పరుగెత్తింది. ప్రచురణకర్త ఆయన చేతులు పట్టుకుని అభినందించాడు.

ఊళ్లో ఆ పుస్తకం చదివిన ప్రతి ఇంట్లోనూ నేల తడిసింది. అందరికంటే ఎక్కువసార్లు చదివిన ఆయన ఇంట్లో మాత్రం గడప కూడా తడవలేదు. తమ వీధి మెరక కదా అని సరిపెట్టుకున్నాడు.

"నా వంతు ఉందా?"

తలుపు దగ్గర చేతికర్ర మీద బరువు మోపి చెల్లెలు నిలబడి ఉంది. ఎవరో కుర్చీ జరపబోతే వద్దంది.

"నేనూ చదివాను కనక పాఠకురాలినే. సంపాదకులు గారూ, నా మోకాలికిక అల పట్టదు. డాక్టరు చెప్పాడు. నమ్మక, నేనూ సముద్రానికి వెళ్లి చూసుకున్నాను. ఇక నాకు మిగిలింది ఈ పుస్తకంలో ఉన్న సముద్రమే అనుకున్నాను. అచ్చయి వచ్చిన రోజు తలుపేసుకుని తెరిచాను. మొదటి పేజీకే అల నన్నెత్తి గోడకేసి కొట్టింది. లేచేలోగా ఇంకోటి. కాలు చాపుకుని కూర్చునే చోటు ఒక్కటి లేదు. నేను కూర్చోగలిగిన చోట్లన్నీ పనిగట్టుకుని వెతికి మరీ తీసేశారు." ఆమె కర్రను రెండో చేతిలోకి మార్చుకుంది. "బోర్డు ఎవరికో ఇచ్చేస్తున్నాను. రేపు పొద్దున్న వచ్చి పట్టుకెళ్తారు. అంతే, నా అభిప్రాయం."

సంపాదకుడు సగం లేచాడు. "అమ్మాయ్..."

"మీరు మాట్లాడకూడదండీ," అంది కుట్టుపని ఆవిడ నొచ్చుకుంటూ. "ఇంకా కొందరు మిగిలున్నారు."

ఆయన కూర్చున్నాడు. మిగిలినవారు ముగించేసరికి తలుపు దగ్గర ఎవరూ లేరు.

పార్సిళ్లు కట్టే గుమాస్తా ఇంకా ఇంటికి వెళ్లలేదు. కొట్టేసిన కాగితాలేవని అడిగితే బిక్కమొహం వేశాడు.

"వెనకవైపు తెల్లగా ఉన్నాయి కదండీ. చింపి, పార్సిళ్ల మీద చిరునామాలకి వాడేశాం. పనికిరాని కాగితం కూడా వృథా కాకూడదని మీరే కదా..."

"అవును, నేనే. రెండో ముద్రణ?"

"మధ్యాహ్నమే మిషనెక్కిందండీ."

మర్నాడు పొద్దున్నే ఆయన చెల్లెలి ఇంటి మెట్లెక్కాడు. పైన ఒకే గది. మంచం, స్టవ్వు, కిటికీ. మూలన గోడకు ఆనించి, మనిషికంటే ఎత్తుగా, గీతలు పడ్డ బోర్డు.

"ఏం అన్నయ్యా, దారి తప్పావా?"

"కాగితాలు లేవు."

"తెలుసు. మీరు పంపిన కాపీల పార్సిలు మీద నా చిరునామా ఉంది. ఊడదీసి వెనక్కి తిప్పితే నా దస్తూరీ. జిగురుకి అక్షరాలు మిగల్లేదు."

ఆయన తల దించుకున్నాడు. "మళ్లీ రాయరాదూ?" అన్నాడు.

"కూర్చున్నప్పుడు రాశాను. ఇప్పుడు నేను కూర్చోలేదు, కూలబడ్డాను. రెండూ ఒకటి కాదు."

"నాకు కొంత గుర్తుంది. మూడుసార్లు చదవకుండా ఏదీ కొట్టలేదు నేను."

"అదేదో పుణ్యమైనట్టు చెబుతున్నావు."

ఆయన అలవాటుగా జేబులోని కలం మీదికి వెళ్లిన చేతిని వెనక్కి తీసుకున్నాడు. కళ్లు మూసుకుని, పద్యం ఒప్పజెప్పే పిల్లవాడిలా నిటారుగా నిలబడి మొదలుపెట్టాడు.

"తీరం వెనక ఉంది. ముందర ఏమీ లేదు. నీళ్లు నన్ను కొంచెం ఎత్తి, మనసు మార్చుకున్నట్టు మళ్లీ దించుతున్నాయి. ఆకలి వేసింది. పోయింది. ఒక పిట్ట వచ్చి బోర్డు కొసన వాలి, నాతో దానికి పనిలేదని తెలుసుకుని వెళ్లిపోయింది..."

పాదాలకు చల్లగా తగిలింది. కళ్లు తెరిచాడు. మంచం కింద నుంచి నీళ్లు, చప్పుడు చేయకుండా, నురగ లేకుండా, నలుమూలలకీ సర్దుకుంటున్నాయి. ఆయన బూట్లు మునిగాయి. జన్మలో మొదటిసారి, చదివిన పుస్తకం ఆయన్ని తడిపింది.

చెల్లెలు గోడ పట్టుకుంటూ వెళ్లి, బోర్డును వంచి నీళ్ల మీద పరిచింది. అది అటూఇటూ కదిలింది కానీ, అడుగునున్న రెక్క నేలకు గీసుకుని కీచుమంది.

"ఇంకా?"

"అంతే గుర్తుంది."

"జానెడు తక్కువయింది." బోర్డు మీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. "ఏదో ఒకటి నువ్వే కల్పించు."

"ఒకరి పుస్తకంలో నా వాక్యం ఎన్నడూ పెట్టలేదమ్మాయ్."

"తీయడానికైతే చెయ్యి వచ్చింది."

గదిలో నీళ్లు కదలకుండా ఉన్నాయి. కింద వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. నలభయ్యేళ్లు పరాయివాళ్ల వాక్యాలు దిద్దిన మనిషికి సొంత వాక్యం ఒకటి కావలసి వచ్చింది. చివరికి, ఏళ్లుగా వాయిదా పడ్డ సాక్ష్యం చెబుతున్నట్టు, ఆగి ఆగి అన్నాడు.

"ఒడ్డున... ఒడ్డున ఆమె అన్న, ఆమె చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. చిన్నతనంలో రోజూ అంతే. అతనికి ఈత రాదు. రాదని చెప్పుకోవడం నామోషీ. ఆమె దూరంగా, చాలా దూరంగా వెళ్లింది. పిలుద్దామనుకున్నాడు. ఎండెక్కింది. పిలవలేదు."

నీళ్లు ఆయన మోకాళ్లకు వచ్చాయి. రెక్క నేలను వదిలింది. బోర్డు మెత్తగా పైకి లేచి, తన బరువు తాను సరిచూసుకుని నిలిచింది.

చెల్లెలు చేతికర్ర మంచం మీదికి విసిరి, బోర్డు మీద బోర్లా పడుకుని, ఒక్కొక్క కాలే నీళ్లలోకి జార్చి లేచి కూర్చుంది. వంగని మోకాలు నీళ్లలో నెమ్మదిగా వంగింది. ఎదుటి గోడ వైపు, అక్కడ గోడ లేనట్టే, చూపు సారించింది.

తలుపు తట్టారు. "బోర్డు కోసం వచ్చామండీ!"

తలుపు కింద నుంచి నీళ్లు మెట్ల మీదికి దిగుతున్న చప్పుడు.

"ఇవ్వడం లేదండీ!" అని కేకేసింది చెల్లెలు, తల తిప్పకుండానే. "తిప్పించినందుకు ఏమీ అనుకోకండి!"

"అయ్యో, పర్వాలేదండీ. మీరు చదువుకోండి," అంది బయటి గొంతు. మెట్ల మీద చెప్పులు చపచపమంటూ దిగిపోయాయి.

ఆయన గోడ పక్కన తడి బట్టలతో నిలబడి, ఇంకేం గుర్తుందా అని మనసంతా దేవులాడాడు. తీసేసినవి ఎన్ని పేజీలో గుర్తుంది. వాటిలో ఇంకేముందో గుర్తులేదు. మిషను మీద రెండో ముద్రణ ఆ పూట కూడా తిరుగుతూనే ఉంటుంది. ఆ సముద్రంలో కూర్చునే చోటు ఇక ఎవరికీ దొరకదు. ఉన్నదల్లా ఈ గదిలో, ఈ మోకాలి లోతు.

"అన్నయ్యా," అంది చెల్లెలు చాలాసేపటికి.

"ఊఁ."

"పిలవవలసింది. వచ్చేదాన్ని."

ఆయన ఏదో అనబోయాడు. నీళ్లు బోర్డును కొంచెం ఎత్తి, మళ్లీ దించాయి. అనకుండా ఉండిపోయాడు.