పద్నాలుగు కిలోల మోతాదు

"బరువు మార్చాను. మోతాదు కదల్లేదు," అన్నాడు సందేహం. అతడా ఆఫీసులో ప్రోగ్రాములను పరీక్షించేవాడు. దేన్నీ నమ్మడు కనుక అందరూ కలిసి పెట్టిన పేరది.

ఆమె కుర్చీ జరుపుకుని చూసింది. ఆసుపత్రి పిల్లల వార్డులో మంచాల పక్కనుండే తెర కోసం ఆమె రాసిన భాగమది. బరువు పదకొండు కిలోలని కనిపిస్తోంది. దాని కింద మందు మోతాదు మాత్రం అంతకు ముందున్న పద్నాలుగు కిలోలకు తగినట్టే ఉంది.

"మళ్లీ మార్చు తమ్ముడూ."

"ఎన్నిసార్లు మార్చినా మారేది మీ ముఖమే అక్కా."

మోతాదు విడిగా దాచిపెట్టే అంకె కాదు. బరువునుంచి ఎప్పటికప్పుడు లెక్కగట్టుకోవలసిన కంప్యూటెడ్ ప్రాపర్టీ. ఊరికే లెక్కలు తిరగేయడం దండగని, రోగి వివరాల మూట మొత్తం కొత్తది వచ్చినప్పుడే లెక్కించమని ఆమె రాసింది. బరువు దిద్దితే మూట మారదు, అందులోని అంకె మారుతుంది. మూట పాతదేనని చూసుకుని, ఆ భాగం పాత జవాబే చూపింది. యంత్రం చెప్పినట్టే చేసింది. దాన్ని నిందించడమంటే గ్రహాలను నిందించడమే.

ఆ తెరలు అప్పటికే వార్డులో వాడుకలో ఉన్నాయి.

కంపెనీ యజమాని ఆమె అక్క భర్త. సంగతి విని, గొంతు తగ్గించాడు. "గుట్టుగా సరిచేసి పంపెయ్ మరదలు పిల్లా. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు?"

"సరిచేస్తే తెర మారుతుంది బావా. ఒంట్లోకి వెళ్లిన మందు మారదు."

"ఫోన్ చేశావంటే మళ్లీ మన గడప తొక్కరు వాళ్లు."

"తొక్కకపోనీ," అంటూ ఆమె వార్డు నంబరు నొక్కింది. హెడ్ నర్సు పలికింది.

"ఇవాళ ఎవరి బరువైనా దిద్దారా అమ్మా?"

"ఒక పాపది. ఎక్కువ పడిందని నేనే తగ్గించా. ఏం?"

"ఆ పాపకు మోతాదు ఎక్కువ చూపిస్తోంది. తప్పు నాది. తెరలన్నీ ఆపేయండి. చేత్తో లెక్క వేసుకోండి."

ఫోను బల్లమీద పెట్టిన చప్పుడు, దూరమైపోతున్న అడుగులు, ఎక్కడో ఒక పిల్లవాడి దగ్గు. బావ కుర్చీ వీపు పట్టుకుని నిలబడే ఉన్నాడు.

నర్సు తిరిగొచ్చింది. "ఒక మోతాదు వెళ్లిపోయింది. రెండోది ఇవ్వబోతుంటే ఆపా. డాక్టరుగారు చూస్తున్నారు. ఊపిరి బాగానే ఉంది కానీ, రేపటిదాకా ఏమీ చెప్పలేమన్నారు."

"వాళ్లమ్మకు తెలుసా?"

"ఇంకా లేదు. నేనే చెప్పాలిగా."

"నేనొస్తానమ్మా. నా నోటితో నేనే చెప్తాను."

"రండి," అంది నర్సు.

ఆమె లేచింది. బావ అడ్డు చెప్పలేదు. తలుపు తెరిచి, ఆమె దాటేదాకా పట్టుకుని, తానూ వెనకే నడిచాడు.