బుజ్జిగాడి పెద్దరికం

ఆ ఇంట్లో ఎవరు గుమ్మం దాటాలన్నా ముందు బుజ్జిగాడు దాటాలి. పిల్లగా ఉన్నప్పుడు కోటమ్మ పెట్టిన పేరది. ఇప్పుడు ముందుకాళ్ళెత్తి నిలబడితే కోడలు ఉష భుజాలందుకునేంత కుక్క అయ్యాడు. ఎవరైనా చెప్పులేసుకుంటే చాలు, పరుగున వచ్చి మోకాళ్ళ మధ్య తల దూర్చి, నెట్టుకుంటూ బయటికి పోయేవాడు. వెళ్ళినవాళ్ళు వీధి మలుపు తిరిగితే ఏడుపు. వచ్చినవాళ్ళు గేటు తీస్తే మొరుగుడు. కాసేపు ఎవరూ పట్టించుకోకపోతే మోచేతి కింద మూతి పెట్టి ఎగదోసేవాడు. చేతిలో పాలగిన్నె ఉన్నా అంతే, కాగిన నూనె ఉన్నా అంతే.

అందరూ వాడికి పొగరన్నారు. ఉష మాత్రం రోజూ చూసేది. మొరిగేటప్పుడు వాడి తోక కాళ్ళ మధ్యకి పోతుంది. వెనకకాళ్ళు వణుకుతాయి. ఇల్లంతా నిద్రపోయే మధ్యాహ్నాల్లో కూడా వాడు పడుకోడు. ఎవరో ఏదో అప్పగించి పోయినట్టు గేటుకీ పెరటికీ తిరుగుతూనే ఉంటాడు.

మూడేళ్ళ కింద ఉష ఆ ఇంటికి వచ్చిన వారంలోనే ఆమె భర్త ఫణీంద్ర వాణ్ణి నరసరావుపేట నుంచి అట్టపెట్టెలో పెట్టుకుని తెచ్చాడు. ఆ రోజుల్లో ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుంటుందో తెలియక వెతుక్కునేది ఉషా, ఆ కుక్కపిల్లా, వాళ్ళిద్దరే.

మాఘమాసంలో పక్కింటి హజ్రా బీ మజ్జిగ కోసం వచ్చి గేటు తీసింది. బుజ్జిగాడు ఎగిరి ఆమె గుండెల మీద కాళ్ళు పెట్టాడు. ఆమె వెల్లకిలా పడింది. మణికట్టు వాచిపోయింది.

"కరిచేవాడైతే కర్ర తెచ్చుకుందును కోటమ్మక్కా. మీదపడి వాటేసుకునేవాణ్ణి ఏం చెయ్యమంటావు?" అని నవ్వబోయి, నొప్పికి మొహం చిట్లించింది.

సాయంత్రం ఫణీంద్ర తేల్చి చెప్పాడు. "ఇంకో పన్నెండు రోజుల్లో మిరపకోతలు. ముప్పైమంది మనుషులు మన గేటులోంచే కల్లానికి పోవాల, నీళ్ళకి రావాల. ఈలోపల వీడు దారికి రాకపోతే మస్తాన్‌రావు సున్నపుమిల్లుకి పంపించేస్తా. కాపలాకి కుక్క కావాలన్నాడు."

"అక్కడ పొద్దస్తమానం గొలుసేసి ఉంచుతారుగా" అంది ఉష.

"మరి పట్టుపరుపేస్తారా ఏంది."

"నేను నేర్పుతా."

"నువ్వా?" అని ఫణీంద్ర నవ్వాడు. ఉష మళ్ళీ అదే మాట అంది, ఇంకొంచెం మెల్లగా.

సుభానీని పిలిపించింది హజ్రా బీనే, కట్టు కట్టిన చేత్తో ఫోన్ చేసి. ఆమెకి తమ్ముడి వరస. నరసరావుపేటలో ఒక కోల్డ్ స్టోరేజీ కాపలా కుక్కల్ని పదిహేనేళ్ళు సాకి, ఇప్పుడు స్కూటర్లకి పంక్చర్లు వేసుకుంటున్నాడు. ఆదివారం వచ్చి వసారాలో మంచం మీద కూర్చున్నాడు. బుజ్జిగాడు మొరిగాడు, మూతితో పొడిచాడు, ఒళ్ళోకి ఎక్కబోయాడు. సుభానీ వాడివైపు చూడలేదు, ఉలకలేదు. మొహం పక్కకి తిప్పుకుని కోటమ్మతో వానల సంగతి మాట్లాడుతూ పోయాడు. పావుగంటకి బుజ్జిగాడు పెద్దగా ఊపిరి వదిలి మంచం కింద పడుకున్నాడు.

"మందేమన్నా పెట్టావా ఏంది" అంది కోటమ్మ.

"ఏం పెట్టలా అక్కా. నీతో నాకేం పనిలేదని కూర్చున్నా, అంతే." ఉష వైపు తిరిగాడు. "వీడిది పొగరు కాదమ్మాయ్, భయం. ఈ ఇంట్లో పెద్దెవరో వీడికి తెలియలా. ఎవరూ లేరనుకుని ఆ పెద్దరికం తనే నెత్తినేసుకున్నాడు. గేటు వాడిదే, పెరడు వాడిదే, మీరు బజారుకి పోతే మీ బాధ్యతా వాడిదే. ఇంత పని కుక్క ప్రాణం ఏం మోసుద్ది? అది వాడి నెత్తి మీంచి దించాల."

"ఎట్లా బాబాయ్?"

"గుమ్మంలో ముందు నువ్వు, తర్వాత వాడు. నెడితే తిట్టమాక, తొయ్యమాక, రాయిలాగా నిలబడు. గోనెపట్టా మీద కుదురుగా కూర్చుంటే ముక్క పెట్టు. లేస్తే లేదు. కొట్టేది లేదు, అరిచేది లేదు. తిండి మీరు తిన్నాకే. ఒక్కటి మాత్రం చానా ముఖ్యం, వాడికి ఒక్కరి మాటే వినపడాల. మీ ఇంట్లో మాట ఎవరిది?"

ఉష కాళ్ళ వైపు చూసుకుంది. కోటమ్మే జవాబిచ్చింది. "మా ఇంట్లో అందరూ సమానమే నాయనా. నేను చెప్పింది ఎవరూ కాదనరు."

సుభానీ తల గోక్కున్నాడు.

రోజూ తెల్లవారుజామున, ఇంకా ఎవరూ లేవకముందే ఉష పెరట్లో గోనెపట్టా పరిచేది. ఉడకబెట్టిన కోడి కార్జం ముక్కలు గిన్నెలో పెట్టుకునేది. మొదటిరోజు బుజ్జిగాడు గిన్నెనే బోర్లా కొట్టాడు. రెండోరోజు మోకాళ్ళలో పొడుస్తుంటే ఆమె రాయిలా నిలబడి కొట్టం కప్పు వైపు చూసింది. మూడోరోజు వాడు విసిగి, వెనక్కి తగ్గి, పట్టా మీద కూలబడ్డాడు. "కూర్చో" అందామె అప్పుడు, ముక్క పెట్టింది. ఆరోరోజుకి ఆ మాట వింటే కూర్చునేవాడు. పెరటి గుమ్మంలో ఆగి, ఆమె దాటాక దాటేవాడు. కాసేపటికి వాడి తోక నేల మీద వదులుగా పడి ఉండేది. ఆ తోక చూస్తే ఉషకి తన భుజాల మీది బరువు కూడా దిగినట్టుండేది.

ఏడున్నరకి కోటమ్మ వంటింట్లోకి వచ్చేది. ఆ ఇంట్లో పొయ్యి మీంచి దించిన అన్నంలో మొదటి ముద్ద భైరవుడిది. అంటే కుక్కది. ఇంట్లో ఎవరూ మెతుకు ముట్టకముందే నెయ్యి వేసి కలిపి, కోటమ్మ స్వయంగా పెట్టేది. ఆ వాసనకి బుజ్జిగాడు పెరటి పాఠమంతా మరిచిపోయి గుమ్మంలో ఉషని పక్కకి నెట్టి దూసుకొచ్చేవాడు. "నా తండ్రి ఆకలికి ఆగలేడు" అని మురిసిపోతూ పెట్టేది కోటమ్మ.

"మనం తిన్నాక పెడదామా అత్తయ్యా, సుభానీ బాబాయ్ చెప్పాడుగా" అని ఒకరోజు ఉష అడిగింది.

"భైరవుడి ముద్ద ఎంగిలి చేసి పెట్టమంటావా? ఏమే, మీ అమ్మ నీకు నేర్పింది ఇదేనా?"

ఉష పెరట్లోకి పోయి సుభానీకి ఫోన్ చేసింది. అవతల పంక్చర్ షాపు చప్పుళ్ళు వినిపించాయి. "దేవుడి పని కాబట్టి నేనేం అననమ్మా. ఒక పని చెయ్, ముద్ద ముందే పెట్టనీ. వాడు కూర్చున్నాక నీ చేత్తో పెట్టు" అన్నాడు.

కోటమ్మ ఒప్పుకుంది. మర్నాడు ముద్ద ఉష చేతికిచ్చి పక్కనే నిలబడింది. "కూర్చో" అంది ఉష. బుజ్జిగాడు అటు కోటమ్మని, ఇటు ముద్దని చూసి, గిలగిల్లాడి, ఎట్టకేలకు సగం కూర్చున్నాడు.

"కూర్చున్నాడుగా, పెట్టు" అంది కోటమ్మ.

"పూర్తిగా కూర్చోలేదు అత్తయ్యా. కొంచెం ఆగితే..."

"వాడి కళ్ళు చూడవే, నీళ్ళు పెట్టుకుంటన్నాడు. నోరులేనిదాన్ని ఏడిపించి ఏం బావుకుంటావ్?" ఉష చేతిలోంచి ముద్ద తీసుకుని వాడి నోట్లో పెట్టేసింది. వాడు మింగేసి, ఆ ఊపులోనే ఉషని గోడకి నెట్టి వంటింట్లోకి పోయాడు.

కోతలు మొదలైన సోమవారం ఉష నాలుగింటికే లేచింది. వసారా చివర పట్టా వేసి బుజ్జిగాణ్ణి కూర్చోబెట్టి పక్కనే నిలబడింది. ఆటోలు ఆగాయి. ఆడవాళ్ళు కారియర్లతో గేటులోంచి వరసగా లోపలికొచ్చారు. బుజ్జిగాడు వణికాడు, గొంతులోనే గుర్రుమన్నాడు. ఉష "కూర్చో" అంది. కూర్చున్నాడు. పదిమంది దాటారు, ఇరవైమంది దాటారు. వాడు ఆమె మొహం వైపే చూస్తున్నాడు.

"ఏం కుక్కే, బొమ్మలాగా కూర్చుంది" అంది ఒకామె.

కోటమ్మకి ఆ మాట చానా నచ్చింది. వంటింటి గుమ్మంలోంచి ముందుకొచ్చింది. "ఏం అనుకున్నారు మా బుజ్జిగాడంటే? చెయ్యి కూడా ఇస్తాడు. రా నాయనా, అందరికీ చూపించు."

"అత్తయ్యా, పిలవొద్దు" అంది ఉష. ఆ మాట ఆమె చెవులకే సరిగా అందలేదు.

బుజ్జిగాడు సగం లేచాడు. "కూర్చో" అంది ఉష. "రారా, ఏంది సిగ్గు" అంది కోటమ్మ. ట్రాక్టరు మీంచి ఫణీంద్ర, "ఒరేయ్, అక్కడే ఉండు" అని అరిచాడు. వాడు ముగ్గురినీ చూశాడు. చెవులు వెనక్కి పోయాయి, తోక కాళ్ళ మధ్యకి పోయింది. ఒక్కసారిగా ఏడుస్తూ మనుషుల మధ్యలోకి దూకాడు. ఎవరో కెవ్వుమన్నారు. ఒక అమ్మాయి అడ్డంగా కారియర్ ఎత్తింది. వాడి పళ్ళు ఆమె ముంజేతిలో దిగాయి.

ఆమెని ముప్పాళ్ళ ఆసుపత్రికి తీసుకెళ్ళి సూది వేయించారు. ఆ పూట కోత ఆగిపోయింది. ఫణీంద్ర వరండాలో నిలబడి ఫోన్‌లో మస్తాన్‌రావుతో మాట్లాడాడు.

"వారం రోజులు కార్జాలు మేపి నేర్పింది ఇదా?" అంది కోటమ్మ. కళ్ళు తుడుచుకుంటూనే అంది. ఏడుపు నిజమే, మాటా నిజంగానే అంది. మీరు పిలిచారు అనే మాట ఉష నోట్లో తయారుగా ఉంది. గ్లాసులు కడుగుతున్నంతసేపూ ఉంది. కడగడం అయిపోయాక ఆ గ్లాసులు బోర్లించి, కూర తాలింపు వేసింది.

బుధవారం పొద్దున ట్రాలీ ఆటో వచ్చింది. బుజ్జిగాడు ఎక్కలేదు. తాడేస్తే తాడు కొరికాడు. డ్రైవరూ ఫణీంద్రా కలిసి నెడితే ఇద్దరినీ వెనక్కి నెట్టాడు. పది నిమిషాలు ఎవరికి తోచింది వాళ్ళు అరిచారు. చివరికి ఫణీంద్ర చెమట తుడుచుకుని, "ఉషా, నువ్వు చెప్పు. నీ మాటే వింటాడు" అన్నాడు.

అందరూ పక్కకి జరిగారు. కోటమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఉష ముందుకు నడిచి, ఆటో వెనక తలుపు పట్టుకుని, "ఎక్కు" అంది. వాడు ఎక్కాడు. "కూర్చో" అంది. కూర్చున్నాడు. పూర్తిగా, కాళ్ళు కుదురుగా పెట్టుకుని. వాడి తోక వదులుగా ఇనప రేకు మీద పడి ఉంది. తర్వాత ఏం చెయ్యాలో ఆమె చెబుతుందని ఆమె మొహం వైపు చూస్తున్నాడు.

డ్రైవర్ తలుపు గొళ్ళెం వేశాడు. ఉష ఆటో ముందుకి వచ్చింది.

"అన్నా, వీడు నెట్టినప్పుడు ఏం అనొద్దని చెప్పు వాళ్ళకి. ఊరికే నిలబడమను. కొట్టొద్దు. కొడితే ఇంకా భయపడతాడు. ఒక్కళ్ళే చెప్పాలి, ఒకసారే చెప్పాలి. ఒక గోనెపట్టా వెయ్యమను, దాని మీద..."

"సరే చెల్లెమ్మా" అన్నాడు అతను, ఫోన్‌లో దారి చూసుకుంటూ.

"వింటున్నావా అన్నా? నెట్టినప్పుడు ఏం అనొద్దు" అని ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. అతను ఇంజన్ స్టార్ట్ చేశాడు. ఆమె గొంతు పెంచింది.