రెండు కార్డుల సందు

పొద్దున్నే అక్క చేతుల మీంచి పిన్నీసులు ఏరడంతో బుడ్డి రోజు మొదలయ్యేది. రాత్రికి రాత్రే ఎక్కడెక్కడివో పాకి వచ్చి అంటుకునేవి: పిన్నీసులు, కుట్టుసూదులు, ఒకసారైతే పక్కింటి తలుపు గడియ స్క్రూ. అక్క కదలకుండా కూర్చుని టీ తాగేది. బుడ్డి ఏరి డబ్బాలో వేసేది.

వాళ్ల ఇంజన్ల షాపుకి వచ్చేవాళ్లు చేతిగడియారం ఆగిపోకుండా గుమ్మం దగ్గరి చెక్కపెట్టెలో పెట్టి లోపలికొచ్చేవాళ్లు, చెప్పులు విడిచినంత మామూలుగా. దొర్లిపోయిన నట్టు కోసం ఎవరూ వంగేవాళ్లు కాదు, అక్కని అటో నాలుగడుగులు వేయిస్తే చాలు. చిన్నప్పుడు బుడ్డి గౌన్లకి అమ్మ ఇనప హుక్కులే కుట్టింది, జనంలో అక్క చెయ్యి వదిలినా తప్పిపోకూడదని. అమ్మ పోయాక ఆ హుక్కుల ధైర్యంతోనే అక్క బుడ్డిని పెంచింది.

ఆ రోజు మాత్రం పిన్నులు ఏరుతున్నంతసేపూ ఇద్దరి చూపూ ఏటి వైపే ఉంది. ఏటి అవతల పంపుల ఫ్యాక్టరీలో బుడ్డికి ఉద్యోగం వచ్చింది, ఉండటానికి గది కూడా ఇచ్చారు. మధ్యాహ్నంలోగా చేరకపోతే ఆ చోటు వరసలో తర్వాతి వాళ్లకి పోతుంది. ఏరు దాటించే పడవ ఒక్కటే. దాని ఇంజను నిన్న మొరాయించి, అక్క పనిబల్ల మీదికి చేరింది.

“అమ్మాయ్, ఇంకా ఎంతసేపు?” పడవ నడిపే సరంగు గుమ్మంలోంచి కేకేశాడు. “నిన్న తాడు లాగీ లాగీ భుజం ఊడొచ్చేలా ఉంది నాకు.”

“ఊడితే బల్ల మీద పెట్టు బాబాయ్, దాన్నీ బిగిస్తాను,” అంది అక్క తలెత్తకుండా.

బ్యాటరీ లేని ఇంజను ఎలా రాజుకుంటుందో బుడ్డికి ఆరేళ్లప్పుడే చెప్పింది అక్క. “ఈ చక్రంలో అయస్కాంతం ఉంది. తాడు లాగితే అది ఈ తీగచుట్ట, అదే కాయిలు, ముందు నుంచి పరిగెడుతుంది, కాయిల్లో కరెంటు పుడుతుంది. ఈ రెండు పాయింట్లూ ఆనుకుని ఉన్నంతసేపూ అది లోపల్లోపలే తిరుగుతుంది. విడిపోయాయా, ప్లగ్గు దగ్గర నిప్పై దూకుతుంది.” పాయింట్ల మధ్య పల్చటి కాగితం పెట్టి చక్రాన్ని మెల్లగా తిప్పేది. కాగితం ఎక్కడ వదులైతే అదే నిప్పు పుట్టే చోటు.

ఇప్పుడూ కాగితం చక్రం మీది సరైన గీత దగ్గరే వదులైంది. పాయింట్లు శుభ్రంగా ఉన్నాయి, ప్లగ్గు కొత్తది. నిప్పు మాత్రం లేదు.

“నేనోసారి చూడనా?” అని బుడ్డి చక్రానికీ కాయిలుకీ మధ్య విజిటింగ్ కార్డు దూర్చింది. కార్డు మందం సందుంటే చాలు. తక్కువైతే రాసుకుంటాయి, ఎక్కువైతే ఒకదాని బలం ఒకదానికి అందదు. కార్డు వదులుగా ఆడింది. ఇంకోటి దూర్చింది. రెండూ కలిసి సరిగ్గా పట్టాయి.

పదిహేనేళ్లలో అక్క చెయ్యి చెయ్యని పొరపాటు అది.

బుడ్డి ఆమె మొహం వైపు చూడలేదు. “అక్కా, కార్డొకటి తీసేయనా?”

అక్క చేతిలోని స్పానరు జారి మోచేతికి అంటుకుంది.

“తీసెయ్యవే,” అంది అక్క చివరికి. “తెలిసే పెట్టాను. ఈ ఒక్క పూటా పడవ ఆగితే నువ్వూ ఆగిపోతావనుకున్నాను. సిగ్గుగా ఉంది.”

“నాకూ సిగ్గే. ఇంజను చెడిందని వినగానే కాసేపు హాయిగా అనిపించింది.”

“ఏడిశావ్‌లే,” అంటూ అక్కే ఏడ్చింది.

బుడ్డి ఒక్క కార్డే ఉంచి కాయిలు స్క్రూలు వదులు చేసింది. మామూలుగా అయితే చక్రంలోని అయస్కాంతం కాయిల్ని టక్కున లాక్కుని కార్డుకి అదమాలి. కాయిలు కదల్లేదు. తప్పంతా అక్కది కాదు, పాతికేళ్ల అయస్కాంతం నీరసించిపోయింది.

“పదకొండు దాటింది,” అన్నాడు సరంగు మెల్లగా.

అక్క చక్రాన్ని ఊడదీసి ఒళ్లో పెట్టుకుంది. జ్వరమొచ్చిన బుడ్డిని ఒకప్పుడు పట్టుకున్నట్టే రెండు చేతులా చుట్టి గుండెకి హత్తుకుంది. ముందు జడపిన్నులు జారిపడ్డాయి. తర్వాత మోచేతికి అంటుకునున్న స్పానరు. తర్వాత పొద్దున బుడ్డి కంటబడని ఒకే ఒక్క సూది. సరంగు వంగి స్పానరు తీసి బల్ల మీద పెట్టాడు.

మళ్లీ బిగించారు. కాయిలు టక్కున వచ్చి కార్డుకి అతుక్కుంది. బుడ్డి స్క్రూలు బిగించి, చక్రం తిప్పి, కార్డు లాగేసింది. తాడు ఒక్క లాగుకే ప్లగ్గు దగ్గర నీలంగా మెరిసింది.

“నెలకోసారైనా రా,” అంది అక్క, రేవులో.

సాయంత్రం ఫ్యాక్టరీ సైరన్ మోగాక బుడ్డి కొత్త గది వైపు బయల్దేరింది. తాళంచెవి అరచేతిలో నిలవడం లేదు, ఏటి వైపే లాగుతోంది. అటే నడిచింది. రేవులో సరంగు పడవ తాడు రెండు చేతులా పట్టుకుని వెనక్కి వాలిపోయి ఉన్నాడు.

“వస్తే తొందరగా ఎక్కవే తల్లీ! ఇన్నాళ్లూ రాత్రిళ్లు ఇక్కడే కట్టేసి పడుకునేవాణ్ణి. ఇవాళ ఇది ఉండనంటోంది. ఇంజను ఆపినా మీ గట్టుకే పోతానంటోంది. ఇక రోజూ సాయంత్రం అటు పోక తప్పేట్టు లేదు నాకు.”

తాళంచెవి బుడ్డి చేతిలోంచి ఎగిరి ఇంజను మూతకి అతుక్కుంది. దాన్ని పీకే ప్రయత్నమేమీ ఆమె చెయ్యలేదు.

అవతలి గట్టున అక్క చీపురు పట్టుకుని నిలబడి ఉంది. పిన్నులు ఊడ్చుకోవాల్సి రావడం పాపం ఆమెకి అదే మొదలు. పడవ నేరుగా వచ్చి ఆమె పాదాల దగ్గర టక్కున ఆగింది, మధ్యలో ఒక్క కార్డు పట్టేంత సందు ఉంచి.