లాంగ్‌ఫర్డ్ సిలువయ్య

బాబుపేట్‌లో మంగతాయి జొన్నరొట్టెల పొయ్యి దగ్గరికి పొద్దున్నే అందరికంటే ముందు వచ్చేది సిలువయ్యే. రెండు రొట్టెలు, ఇంత పచ్చిమిరప కారం కట్టించుకుని, ఇంకాసేపు నిలబడి ఏదో ఒకటి మాట్లాడాలని చూస్తాడు. మాట్లాడటానికి ఏమీ ఉండదు. భార్య పోయింది, పిల్లలు లేరు, దుర్గాపూర్ బొగ్గుగనిలో ఉద్యోగమూ అయిపోయింది. ఇంటికెళ్తే పలకరించే దిక్కు లేదు.

ఉద్యోగమున్నన్నాళ్లూ వేరు. హాజరు పిలిచే బాబు ఇక్కడి అలవాటు ప్రకారం ఇంటిపేరు ముందు పెట్టి, "లాంగ్‌ఫర్డ్ సిలువయ్యా!" అని కేకేసేవాడు. వెంటనే సిలువయ్య కాళ్ల చుట్టూ చల్లటి నీళ్లు పారేవి. ఎండాకాలం తోటివాళ్లు చెప్పులు విప్పేసి అతని పక్కన చేరేవాళ్లు. బాబు కాళ్లు కుర్చీ మీదికి లాక్కుని తర్వాతి పేరు పిలిచేవాడు. కాసేపటికి నీళ్లు ఇంకిపోయేవి. వాళ్ల నాన్నకూ అంతే, తాతకూ అంతే.

ఆ పేరు తాత తెచ్చిపెట్టిందే. తెలంగాణ నుంచి బొగ్గు పనికి వచ్చి వరుసలో నిలబడితే గుమాస్తా ఇంటిపేరు అడిగాడు. వెనకాల ఉన్నది తమ ఊరి వైపువాళ్లే. అసలు పేరు చెబితే ఏ వాడ మనిషో తెలిసిపోతుంది. ఆయన మింగలేక కక్కలేక, చివరికి గని దొర పేరు చెప్పేశాడు.

ఇప్పుడా పేరుతో పిలిచేవాళ్లే లేరు. వీధిలో అందరికీ అతను కాకా. బ్యాంకులో, దవాఖానాలో నంబరు. తనను తాను పిలుచుకుంటే చుక్క నీరు రాదు. ఆ పనీ చేసి చూశాడు పాపం, ఎవరికీ చెప్పలేదు. ఆరోజు చాలాసేపు ఏడ్చాడు.

ఒక ఆదివారం పాస్టరుగారి కూతురు అక్సా ఫోనులో వెతికి చెప్పింది.

"కాకా, ఇది ఊరి పేరు. వాగును నడిచి దాటే పొడుగాటి జాగ అని అర్థం. ఆ ఊర్లున్నోళ్లను ఎవ్వరు గట్ల పిలువరు. ఊరిడిసి పోయినోళ్లకే పక్కూరోళ్లు ఆ పేరు పెడ్తరు."

"అంటే ఆ దొర తాతలు గూడ మన లెక్క బతుకపోయినోళ్లేనా?"

"గంతే కాకా."

ఎన్నడూ చూడని ఆ దొర మీద సిలువయ్యకు జాలేసింది. తన మీద అంతకంటే ఎక్కువ వేసింది. మర్నాడు పొయ్యి దగ్గర ధైర్యం చేసి అడిగేశాడు.

"మంగతాయీ, మనిద్దరం పెండ్లి చేసుకుందామా?"

మంగతాయి మొగుడు పోయినప్పటినుంచీ మరిది సుకుమార్ ఇంట్లో వెనకగదిలో ఉంటోంది. ఇంటిల్లిపాదికీ వండిపెట్టాకే తన రొట్టెల పని. ఇప్పుడు పెనం మీద రొట్టె మాడిపోతున్నా చూసుకోలేదు.

"ఏందయ్యా పొద్దుపొద్దుగాల! నలుగురు నవ్వరా?" అని, మాడిన రొట్టె తీసి పక్కన పడేసి మెల్లగా అంది. "చర్చిల ప్రకటన సదవనీ. ఎవ్వరు కాదనకుంటే అయితది. ఒక్కరు లేసినా నేన్ రాను."

తర్వాతి ఆదివారం చర్చిలో మగవాళ్ల చాపలు ఒకవైపు, ఆడవాళ్ల చాపలు ఒకవైపు, మధ్యలో దారి. పాస్టరుగారు గొంతు సవరించుకున్నారు.

"లాంగ్‌ఫర్డ్ సిలువయ్యకును మన సంఘములోని మంగతాయికిని వివాహము నిశ్చయమైనది. ఎవరికైనను అభ్యంతరమున్న తెలుపవలెను."

నీళ్లొచ్చాయి. మధ్యదారి నిండా పారాయి. ఆడవాళ్లు పిల్లల్ని ఒళ్లోకి లాక్కున్నారు, మగవాళ్లు బైబిళ్లు పైకెత్తి పట్టుకున్నారు. సిలువయ్యకు ప్రాణం లేచివచ్చింది. అంతలోనే సుకుమార్ లేచాడు.

"నాకున్నది అభ్యంతరం. ఆమె మా ఇంటి మనిషి. ఈ వయసుల పెండ్లేంది? మేం తలెత్తుకోని తిరగాల్నా, వద్దా?"

సిలువయ్య తల దించుకున్నాడు. ఇక నీళ్లు ఇంకిపోతాయి, తనూ ఇంటికి పోవాలి. కానీ నీళ్లు ఇంకలేదు. మోకాలిదాకా వచ్చి నిలకడగా పారుతూనే ఉన్నాయి.

మంగతాయి లేచింది. బయటికి వెళ్లిపోతోందనే అనుకున్నాడతను.

"వదినా, కూసో!" అన్నాడు సుకుమార్.

ఆమె చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని నీళ్లలోకి దిగింది. పాస్టరుగారు కాగితం మడిచి, ఆమె దాటేదాకా ఆగారు. నడుమ ఒకసారి తూలింది, నిలదొక్కుకుంది. తడి కాళ్లతో మగవాళ్ల చాప దగ్గరికొచ్చి నిలబడింది.

"జర జరుగు," అంది సిలువయ్యతో.