చందు మోయని రాయి

గుట్ట మీద ప్రతి మలుపూ ఎరిగిన పిల్లవాడు, చూస్తూ చూస్తూ గొర్రెల మందలోకి సైకిల్ తోలాడా? నాలుగేళ్లుగా పుష్పను తొలుస్తున్న అనుమానం ఇదొక్కటే. కొడుకు చందు పోయిన రోజున అతనితో పాటు ఒక గొర్రెపిల్ల కూడా చచ్చిందని దవాఖాన గుమ్మంలో ఎవరో అన్నారు. స్పీడుగా వచ్చి గుద్ది ఉంటాడులే అని ఇంకెవరో అన్నారు. ఆ రెండు మాటలూ ఆమె చెవుల్లోంచి పోలేదు. రోజూ దీపం పెట్టి దండం పెట్టుకునేది గానీ, నా బిడ్డకు మంచి గతి ఇవ్వు స్వామీ అని మాత్రం అడగకుండానే లేచిపోయేది. నోరులేని జీవాన్ని చంపి పోయినవాడి తరఫున ఏమని అడగాలి?

చివ్వెంల అవతల సర్కారు గుట్ట అది. సూర్యాపేట నుంచి చందు, కోదాడ నుంచి దీప, మిర్యాలగూడ నుంచి మరికొందరు ఆదివారాలు అక్కడ కలిసి, గొర్రెలు నడిచి నడిచి పడిన బాటల మీద సైకిళ్లు తొక్కేవాళ్లు. ఇప్పుడు ఆ బాటకు చందు పేరు పెట్టి, మొదట్లో బోర్డు నిలబెడతామని దీప వచ్చింది. పంచాయతీవాళ్లు సరేనన్నారట.

"మీరు ఊఁ అంటేనే ఆంటీ. లేకపోతే వద్దులెండి," అంది.

పుష్ప ఊఁ అనలేదు. తప్పు చేసి పోయినవాడైతే, ఆ పేరు చూసిన పిల్లలు ఏం నేర్చుకోవాలి? నిజం ఎరిగినవాడు ఒక్కడే, ఆ రోజు చందును భుజాన వేసుకుని కిందికి దించిన గొర్రెల కాపరి కాటయ్య. అప్పట్లో వెతుక్కుంటూ పోతే, మందను మిర్యాలగూడ కాలువల వైపు తోలుకుపోయాడన్నారు. ఈ ఏడు తిరిగొచ్చాడని దీప చెప్పగానే, కొంగు దోపుకుని ఆమె వెంట బయలుదేరింది.

కాటయ్య గుట్ట మొదట్లో గొంగడి పరుచుకుని కూర్చున్నాడు. దీప సైకిల్ చూసి, "గుట్టలెక్కుడు మేకల పని, మీకేం పుట్టింది బిడ్డా," అని నవ్వాడు. పక్కనున్నది చందు తల్లి అని తెలియగానే ఆ నవ్వు పోయింది. లేచి నిలబడ్డాడు.

"పెద్దయ్యా, నా కొడుకు నీ మందను గుద్దిండా? ఉన్నది ఉన్నట్టు చెప్పు," అంది పుష్ప.

కాటయ్య తల అడ్డంగా ఊపాడు.

"గుద్దుడా? ఆ పిల్లగాడు సైకిల్ ఎక్కనే లేదు తల్లీ. లింగమంతుల సామి మీద ఆన."

తర్వాత అంతా చెప్పాడు. తడిసిన నేల మీద సైకిల్ తొక్కితే చక్రాల గాడి పడుతుంది, ఆ గాడిలో నీళ్లు పారి బాట తెగిపోతుంది. అందుకే వాన పడితే చందు ఎవరినీ ఎక్కనిచ్చేవాడు కాదు. కానీ ముందురోజు ముసురులో ఎవరో తెలియనివాళ్లు వచ్చి తొక్కిపోయారు. బాట ఎంత తెగిందో చూద్దామని చందు సైకిల్ నెట్టుకుంటూ పైకి వచ్చాడు. అప్పుడే మంద దిగుతోంది. ఇరుకు బాట. గొర్రెలకు గుట్ట వైపు వదిలి, తాను లోయ వైపు అంచున నిలబడ్డాడు. గాడి పడ్డ ఆ అంచు విరిగింది. కాళ్ల దగ్గరున్న గొర్రెపిల్ల కూడా అతనితోనే పోయింది.

"నా మందకు జాగ ఇచ్చి పాయె. నా గొర్లు ఆడికి రాకుంటె బతికేటోడు. అందుకే ఈ గుట్ట మొకం సూడబుద్ధి కాలే," అన్నాడు.

పుష్ప కొంగు నోట కుక్కుకుని ఏడ్చింది. పోయిన బిడ్డ కోసం ఎన్నిసార్లో ఏడ్చింది. ఈసారి అనుమానించిన బిడ్డ కోసం. దారి ఇచ్చినవాడి కాళ్ల కింద మట్టి ఎందుకు నిలబడలేదో ఆ స్వామికే తెలియాలి. అడగాలనిపించింది. జవాబు వస్తుందని మాత్రం అనిపించలేదు. కాటయ్యతో, "నీ తప్పేం లేదు పెద్దయ్యా," అంది.

అప్పుడు కాటయ్య ఇంకో మాట చెప్పాడు. గుట్ట ఎక్కేవాళ్లు కింది నుంచి ఒక రాయి మోసుకుపోయి, వాన కోసిన చోట పేర్చాలన్నది కాపర్ల పాత కట్టుబాటు. దాన్ని సైకిల్‌వాళ్లకు నేర్పింది చందూనే. ఆ రోజు చేతులు రెండూ సైకిల్‌కే సరిపోయి, రాయి లేకుండా వచ్చాడు. ఏం రా, ఇయ్యాల ఉత్త చేతులేనా అని కాటయ్య ఎగతాళి చేశాడట.

"బాకీ పెట్టు తాతా, రేపు రెండు తెస్త అన్నడు. అదే ఆఖరి మాట."

పుష్ప కళ్లు తుడుచుకుంది. "బోర్డు పెట్టించు దీపా. వాని పేరు కింద, తడి నేల మీద సైకిల్ ఎక్కొద్దని కూడ పెట్టించు," అని, వంగి రెండు రాళ్లు ఏరుకుంది. దీప అందుకోబోతే ఇవ్వలేదు. కాటయ్య ముందు నడుస్తూ, కర్రతో ముళ్లకంప పక్కకు నెట్టాడు.

తెగిన చోట ఆమె రాళ్లు రెండూ పక్కపక్కన పెట్టింది. ఒకటి కదులుతోంది. కాటయ్య మోకాళ్ల మీద కూర్చుని, దాని కింద చిన్న రాతి పెంకు దోపి, అరచేత్తో నొక్కి చూశాడు.

"ఇగ కదలదు తల్లీ. పిల్లగాని బాకీ తీరింది."