తెల్లకోటు ఉత్తరం

పాత రిజిస్టర్లు దులిపి, చదువుకుని వెళ్ళినవాళ్ళ చిరునామాలు ఎత్తి రాయాలి. కాలం చేసినవాళ్ళ పేర్లు కొట్టెయ్యాలి. కవర్లూ స్టాంపులూ తేవాలి. రసీదు పుస్తకాలు అచ్చు వేయించాలి. దాతల పేర్లు రాయడానికి మెట్ల దగ్గరి గోడకి వెల్ల వేయించాలి. చివరగా, చదివినవాళ్ళ గుండె కరిగేలా ఒక ఉత్తరం రాయాలి.

ఈ జాబితా ప్రిన్సిపాల్ గారు స్వయంగా రాసి ఆఫీసక్క బల్ల మీద పెట్టారు. ఆఫీసక్క అన్నది పిల్లలు పెట్టిన పేరు. ఆమె ఆ కాలేజీలోనే చదివి అక్కడే గుమాస్తాగా చేరింది. వాళ్ళ ఇంటి మొత్తానికి మొదటి డిగ్రీ ఆమెదే. అందుకే ఆ కాలేజీలో ఏ పని చెప్పినా ఆమెకి కాదనబుద్ధి కాదు.

మూడొందల మంది పిల్లలున్న చిన్న కాలేజీ అది. ల్యాబు కప్పు కారుతోంది. లైబ్రరీకి కొత్త పుస్తకం వచ్చి రెండేళ్ళయింది. పూర్వ విద్యార్థులు ఏటా తలా ఒక చెయ్యి వేస్తే బండి నడుస్తుందని ప్రిన్సిపాల్ గారి ఆశ.

"కప్పు కారుతోందని రాస్తే ఎవరి కళ్ళూ కారవమ్మాయ్. ఉత్తరంలో ఒక మనిషి కనపడాలి" అన్నారాయన.

మిగతా పనులన్నీ పదిరోజుల్లో అయిపోయాయి. ఉత్తరం మాత్రం కొరుకుడు పడలేదు. మూడు కాగితాలు చింపాక తల ఎత్తి చూస్తే, కిటికీ అవతల ఎండలో డాక్టరమ్మ నడిచిపోతోంది.

డాక్టరమ్మ కెమిస్ట్రీ రెండో సంవత్సరం పిల్ల. ల్యాబు అయిపోయినా తెల్లకోటు విప్పదు కాబట్టి ఆ పేరు. ఒకసారి ఫీజు రాయితీ కాగితం నింపుతూ, "నాకేం తక్కువక్కా, రెండు జతల బట్టలున్నాయి, ఒకటి ఉతికితే ఒకటి" అని నవ్వింది. ఆ నవ్వు ఆఫీసక్కకి గుర్తుండిపోయింది. ఇక కలం ఆగలేదు.

"మా కాలేజీలో ఒక అమ్మాయి ఉంది. మండుటెండలో కూడా మెడదాకా గుండీలు పెట్టుకుని తెల్లకోటులోనే తిరుగుతుంది. ఎందుకో తెలుసా? ఆమెకున్నవి రెండే జతలు. ఆ సంగతి ఎవరికీ తెలియకూడదని..."

పేరు రాయలేదు. పేరు రాయలేదు కదా అన్న ధీమాతోనే సంతకానికి పంపింది.

ప్రిన్సిపాల్ గారు చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాలుగొందల ప్రతులు వెళ్ళిపోయాయి. ముచ్చటపడి ఒక ప్రతిని ఆయనే నోటీసు బోర్డుకి అంటించారు. దూరానున్నవాళ్ళకి ఆమె ఎవరో ఒక అమ్మాయి. కానీ కాలేజీలోని మూడొందల మందిలో రోజంతా తెల్లకోటు వేసుకునేది ఒక్కతే. మధ్యాహ్నానికల్లా క్యాంటీన్లో ఎవరో అననే అన్నారు:

"డాక్టరమ్మా, లోపల ఇవాళ ఒకటో నంబరా, రెండో నంబరా?"

మర్నాటి నుంచి ఆమె రాలేదు.

కాలేజీకి మాత్రం జవాబులు వచ్చాయి. చెక్కులతో పాటు పొట్లాలు కూడా. "తెల్లకోటు అమ్మాయికి" అని రాసి ఎవరెవరో విడిచిన బట్టలు పంపారు. ఒక జాకెట్టుకి గుండీలే లేవు. పెయింట్ల షాపు యజమాని ఒకాయన, ఆ కాలేజీ పూర్వ విద్యార్థి, ఏకంగా మనిషే దిగాడు.

"ఆ పిల్ల చదువంతా నా నెత్తిన వెయ్యండి సార్. దాతల సభలో నా పక్కన ఓసారి నిలబెడితే చాలు. ఒక్క ఫోటో, అంతే."

"దానికేం భాగ్యం!" అని ప్రిన్సిపాల్ గారు ఆఫీసక్క వైపు తిరిగారు. "వెళ్ళి పిలుచుకు రా అమ్మా. నీ మాట వింటుంది."

శుక్రవారం ప్రాక్టికల్ పరీక్ష. తప్పితే ఆ పిల్లకి ఏడాది పోతుంది. ఆఫీసక్క సభ కోసం కాదు, ఆ పరీక్ష కోసం పరుగెత్తింది.

బట్టల ఇస్త్రీ షాపు వెనక ఒంటిగది వాళ్ళ ఇల్లు. తల్లి ఇస్త్రీ పెట్టె ఆపకుండానే చూసింది.

"రామ్మా రా. ఊళ్ళో సగంమంది బట్టలు నా చేతి మీదుగానే నలగకుండా వెళ్తాయి. నా కూతురికి కట్టుబట్టల్లేవని చాటింపు వేసింది నువ్వేనా?"

"పిన్నీ, నేను మంచికే..."

"మంచికే! చెయ్యి కాల్చి, వెన్న రాయడానికి వచ్చావు."

డాక్టరమ్మ మూల నుంచి లేచింది. కోటు లేకుండా ఆమెను చూడటం ఆఫీసక్కకి అదే మొదటిసారి.

"అక్కా, అసలు ఆ కోటు ఎందుకు వేసుకుంటానో నన్నడిగావా? బట్టలు దాచుకోవడానికి కాదు. నా కొలతలు తీసి నాకోసం కుట్టిన మొదటి బట్ట అదే. వేసుకుంటే చదువుకున్నదానిలా ఉంటానని..."

ఆఫీసక్క తల వంచుకుంది. "తప్పయిపోయింది. నా చదువు రోజుల్లో చిరుగు కనపడకుండా ఛాతీకి పుస్తకాలు అడ్డం పెట్టుకుని నడిచేదాన్ని. నువ్వూ అంతే అనుకున్నా."

"మరి నీ సంగతే రాసుకోవచ్చుగా?"

"సిగ్గేసింది."

"నాకెయ్యదా?"

ఆఫీసక్క చెప్పులు వేసుకుంది.

"సభకి రావద్దు. పరీక్షకి రామ్మా. నేను గేటు దగ్గర ఉంటాను" అంది వస్తూ వస్తూ. తల్లి తర్వాతి చొక్కా పరిచింది.

ఆ సాయంత్రమే నోటీసు బోర్డు మీది కాగితం చింపేసింది. ఆ అమ్మాయి సభకి రాదని పెయింట్ల షాపాయనకి మొహం మీదే చెప్పింది. తన కథ తన పేరుతో రాసి, "దాతలకి ఇకనుంచి ఇది పంపుదాం సార్" అని ప్రిన్సిపాల్ గారి ముందు పెట్టింది. ఆయన చదివారు.

"ఇదింకా బాగుందమ్మాయ్! సభలో నువ్వే నిలబడు."

శుక్రవారం ఆమె గేటు దగ్గర నిలబడింది. గంట కొట్టారు, తలుపులు మూశారు. డాక్టరమ్మ రాలేదు.

సభ రోజున వేదిక మీద పెయింట్ల షాపాయన పక్కన ఆఫీసక్కే నిలబడింది. తన చిరుగు గురించి మైకులో చదువుతుంటే ముందు వరసవాళ్ళ చూపులు మెల్లగా ఆమె చీర మీదికి దిగాయి. అయినా చివరిదాకా చదివింది. ల్యాబు కప్పుకి సరిపడా వచ్చింది. చప్పట్లు కొట్టారు.

ఆ సోమవారం తల్లీకూతుళ్ళు టీసీ కోసం వచ్చారు. రాసిచ్చింది ఆఫీసక్కే. ఆ పిల్ల దాన్ని మడిచి సంచిలో పెట్టుకుంది. ఏ కాలేజీలో చేరుతోందో ఈమె అడగలేదు. అడిగే హక్కు తనకుందని అనిపించలేదు.

నాలుగొందల ఉత్తరాల్లో ఒకటి మీ ఇంటికీ వచ్చి ఉండొచ్చు. వస్తే, అందులో ఉన్న అమ్మాయిని మరిచిపోండి. ఆమె ఎక్కడా లేదు. ఉన్నది వేరే పిల్ల. పరీక్షనాళికలో రంగు మారకముందే అది ఏ లవణమో చెప్పేది, తప్పు చెబితే తనే ముందు నవ్వేది. గుర్తుంచుకుంటే ఆమెను గుర్తుంచుకోండి.