సాల్మన్ రాసిచ్చిన వాక్యం

ఆ వాక్యం సాల్మన్‌దే. సముద్రంలో పాతబడిన చమురు ప్లాట్‌ఫారాన్ని తీసేసేముందు, దాని ఇనుప కాళ్ల దగ్గర చేపలెన్నున్నాయో లెక్కపెట్టడానికి దిగిన డైవరు అతను. తీసేశాక అవేమవుతాయని కంపెనీవాళ్లు అడిగితే ‘చుట్టుపక్కల నీళ్లలో సర్దుకుంటాయి’ అని రాసిచ్చాడు. అనుమానమే రాలేదు. కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది, బొచ్చెలూ శీలావతులూ సరస్సులోకి పోయి నెలల తరబడి అందరి వలల్లో పడటం చిన్నతనంలో కళ్లారా చూశాడు.

ప్లాట్‌ఫారం తీసేసిన ఆరు నెలల తర్వాత అదే చోట మళ్లీ దిగాడు. ఇనుప కాళ్లు లేవు. ముప్పై ఏళ్లుగా వాటిమీద పేరుకున్న గుల్లా నాచూ లేవు. ఆ సందుల్లో వేలకొద్దీ కాపురమున్న చేపల్లో, రెండు రోజులు వెతికితే పదకొండు కనిపించాయి. ఒకప్పుడు కాళ్లున్న మేర, ఉత్త బురద మీద తిరుగుతున్నాయి.

ఇప్పుడు రెండో ప్లాట్‌ఫారం వంతు. కంపెనీకి రిపోర్టు తయారుచేసే శ్రీకర్ పొద్దుట ఫోన్ చేసి, పాత వాక్యమే పెట్టేస్తున్నానని, సరేనంటే చాలని అన్నాడు. మధ్యాహ్నం చెబుతానన్నాడు సాల్మన్. ఏలూరులో ఇంట్లో కూర్చోబుద్ధి కాక, కొల్లేరు ఒడ్డున ఉండే మేనమామ సుందరరావు దగ్గరికి వచ్చాడు. వల బాగుచేసుకుంటూ ఆయన అంతా విన్నాడు.

"అయితే అల్లుడూ, సముద్రం చేపకి కొల్లేరు చేప బుద్ధులు అంటగట్టేశావన్నమాట."

"ఏదైనా చేపే కదా అనుకున్నాను మావయ్యా."

"చెరువులో చేపని మనం తెచ్చి పోశాం. గట్టు తెగితే దానికి పీడా వదిలింది. నువ్వు చెప్పేవాటికి ఆ ఇనుమే ఇల్లు కదరా."

తెలియక చేశాననుకోవడం సాల్మన్‌కి తేలికే. కానీ అడిగినవాళ్లకి ఏ మాట కావాలో ఆ రోజు తనకు తెలుసు. చిన్ననాటి కొల్లేరు దానికి సాక్ష్యంగా దొరికింది. ఆ సంగతి తనకు తాను ఒప్పుకోవడానికి కూడా ఓపిక లేదు.

అయినా ఫోన్ తీశాడు.

"శ్రీకర్ గారూ, ఆ వాక్యం తీసేయండి. అది నేను చూసి రాసింది కాదండీ. అనుకుని రాసింది."

శ్రీకర్, అలాగైతే మొదటి రిపోర్టూ తప్పేనని, ఇక మిమ్మల్ని పనికి పిలవరేమోనని మెల్లగా చెప్పాడు.

"పిలవకపోతే పోనివ్వండి. పై భాగం మాత్రం కోసి, నీళ్లలో కాళ్లు అలాగే వదిలేయమని రాయండి. నేనన్నానని రాయండి."

ఫోన్ పెట్టేశాక సుందరరావు వల కొస అతని ఒళ్లోకి విసిరాడు.

"ఖాళీయేగా. పట్టుకో."